అడవి అంచు పొలం: కంప, పంది, వెదురు, కలప – ఏ పని ముందు, ఏది తరువాత

అడవి పక్కన పొలం ఉన్నవాళ్ళు సాధారణంగా మూడు పనులను మూడు వేర్వేరు గొడవలుగా చూస్తారు. గట్టు మీద కంప పెరిగితే నరికిస్తారు. పందులు పడితే కంచె వేయిస్తారు. చెట్టు ముదిరితే వచ్చినవాడు చెప్పిన లెక్కకు ఇచ్చేస్తారు. నిజానికి ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడ్డ పనులు. పంది పగలంతా పడుకునేది ఆ కంపలోనే. కంప తీయకుండా కరెంటు కంచె వేస్తే కొమ్మలు తీగల మీద వాలి కరెంటంతా నేలపాలవుతుంది. కంప తీసి ఆ చోటు ఖాళీగా వదిలేస్తే మరుసటి వానకు అదే కంప రెట్టింపై లేస్తుంది. అందుకే వరుస ముఖ్యం: ముందు హద్దు చూడటం, తరువాత కంప, ఆపైన కంచె, చివరికి కంచె లోపల వెదురూ కలపా.

చెట్లు నరకడం మీద, అడవి జంతువులను తరమడం మీద చట్టాలు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి. సొంత భూమిలో చెట్టయినా సరే, గొడ్డలి ఎత్తకముందే స్థానిక అటవీ అధికారులను అడగండి.

హద్దు వెంట ఒక నడక

వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. నేల తడిగా ఉంటే అడుగుల గుర్తులు చెరగకుండా ఉంటాయి. ఒక కాగితం మీద పొలం హద్దు గీసుకుని, జంతువులు దూరే సందులు, బురద గుంటలు, కంప గుబుర్లు, వాగు ఒడ్డు, పనికొచ్చే చెట్లు గుర్తుపెట్టండి.

నష్టం చేసింది ఎవరో తేల్చకుండా కంచె మీద ఖర్చు పెట్టడం శుద్ధ దండగ. నేలను నాగలితో చాలు తీసినట్టు పెళ్ళగించి ఉంటే పంది. దాని అడుగులో రెండు గిట్టల వెనక, కాస్త పక్కకు, రెండు చిన్న గుర్తులు కూడా పడతాయి. గట్టి నేల మీద జింక అడుగులో అవి కనిపించవు. చెట్ల మొదళ్ళకు మోకాలి ఎత్తున బురద పూసి ఉంటే అది పంది ఒళ్ళు రుద్దుకున్న చోటు. లేత కొమ్మ పీకినట్టు పీచుగా తెగి ఉంటే జింక జాతి, ఎందుకంటే వాటికి పైదవడలో ముందుపళ్ళు ఉండవు. అదే కొమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటే కుందేలు. చెట్టు మొదట్లో బెరడు గీరి, వెడల్పాటి పళ్ళ గాట్లు ఉంటే ముళ్ళపంది. మొక్కజొన్న కాడ నిలబడే ఉండి, కంకి కొన మాత్రం చీలి ఉంటే చిలుకలు. కాడ నేలకు ఒరిగి కంకి నమిలి ఉంటే మళ్ళీ పందే. ఒక కంకి రెండు కొరుకులు కొరికి పారేసి పక్కనే ఇంకోటి తెంపి ఉంటే కోతి.

లాంటానా కంప తీయడం

అడవి అంచుల్లో ఎక్కువ చోటు ఆక్రమించేది లాంటానా. పులికంప, తలంబ్రాల చెట్టు అని కూడా పిలుస్తారు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి తోటల అలంకారానికి తెచ్చిన మొక్క ఇది. పిట్టలు పండ్లు తిని విత్తనం వేస్తాయి. పశువులు దాన్ని మామూలుగా ముట్టవు గాని, మేత లేక ఆకలి మీద తింటే కాలేయం చెడి, ఎండ తగిలినచోట, ముఖ్యంగా ముట్టె మీద, చర్మం పగిలి ఊడుతుంది. కొట్టిన కంప పక్కన పశువును కట్టేయడం ఎంత మాత్రం మంచిది కాదు.

దీన్ని ఎలా తీయకూడదో ముందు చూద్దాం. నేలకు పైన నరికితే మొదలు నుంచి గుత్తులుగా పిలకలు వస్తాయి. ఒక్క కాడ ఉన్నచోట ఏడాదికి అయిదారు నిలబడతాయి. తగలబెడితే పైభాగం మాడుతుంది, మొదలు బతికే ఉంటుంది, పైగా నీడనిచ్చే పోటీ మొక్కలన్నీ పోయి దానికే దారి సుగమం అవుతుంది. పెద్ద యంత్రంతో నెట్టిస్తే పని ఒక్క పూటలో అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ విరిగిన కాడలు మట్టిలో కూరుకుపోయి వేళ్ళు తొడుగుతాయి, తిరగబడ్డ మట్టిలో పాత విత్తనం మొలుస్తుంది.

పనిచేసే పద్ధతి ఒకటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో దీన్ని అమలుచేసి చూపింది. కిటుకు ఇంతే: పిలకలు వేసే కణుపులన్నీ కాండం, వేరు కలిసే చోటనే ఉంటాయి. ఆ ముడికి కింద, మట్టిలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెగ్గొడితే మిగిలిన వేరు మళ్ళీ చిగురించదు. మొక్క మొత్తాన్ని తవ్వి తీయనక్కరలేదు, నేల కూడా అంతగా కదలదు.

1. పూత, కాయ ముదరకముందు, నేల మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. నల్లటి పండ్లు ఉన్న పొద అయితే ముందుగా ఆ కొమ్మలు కోసి గోనెలో వేసుకోండి.

2. ఎప్పుడూ పొలం వైపు నుంచి అడవి వైపుకు సాగండి. లోపల పందో, పిల్లలతో ఉన్న ఆడపందో ఉంటే దానికి పారిపోయే దారి ఉండాలి. రెండు వైపుల నుంచీ మనుషులు చొరబడితే అది మనుషుల మీదికే వస్తుంది. మొదలుపెట్టే ముందు కాసేపు డబ్బా కొట్టండి. మోకాళ్ళ దాకా బూట్లు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. పొద అడుగున ఉండేది పంది ఒక్కటే కాదు, పాములూ ఉంటాయి.

3. పొడుగు పిడి కొడవలితో పక్క కొమ్మలు కొట్టి మొదలు కనిపించేలా చేయండి. నడి కాండాన్ని మాత్రం రెండు మూడు అడుగులు వదలండి, అదే తరువాత పట్టు.

4. ఒకరు కాండాన్ని ఒక పక్కకు వంచి పట్టుకోవాలి. రెండోవారు ఎదురు పక్క నుంచి మట్టి గీకి, ఉబ్బిన ముడి కనిపించాక, దాని కింద వేరును పలుగుతోనో సన్న గొడ్డలితోనో అడ్డంగా కొట్టాలి.

5. నేలకు తాకిన కొమ్మలు అక్కడక్కడా సొంతంగా వేళ్ళు వేసుకుని ఉంటాయి. వాటిలో ప్రతిదాన్నీ వేరే మొక్కగా భావించి విడిగా కొట్టండి. ఈ పద్ధతి ఫలించలేదని చెప్పేవాళ్ళలో చాలామంది వదిలేసేది ఈ మెట్టునే.

6. తీసిన పొదను తలకిందులుగా, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా, దాని కొమ్మల మీదనే నిలబెట్టండి. తడి నేల మీద పడుకోబెడితే మళ్ళీ నాటుకుంటుంది. రెండు మూడు వారాల్లో కర్ర ఎండుతుంది.

వాలు నేల మీద, వాగు ఒడ్డున మొత్తం ఒకేసారి తీయవద్దు. వాలుకు అడ్డంగా పది మీటర్ల పట్టీ తీసి, పక్క పట్టీ వదిలి, తీసినచోట గడ్డి నిలిచాక రెండోది తీయండి. ఎంత పాడు కంపైనా దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతున్నాయి మరి.

తీసిన చోటును ఖాళీగా ఉంచకూడదు. మొదటి వానకే ఆ నేలకు అలవాటైన మేత గడ్డి విత్తనం, స్టైలో లాంటి పప్పుజాతి మేత కలిపి చల్లండి. నీడనిచ్చే స్థానిక చెట్లు నాటండి. దట్టమైన నీడలో లాంటానా నిలవదు. ఆ తరువాత రెండు మూడేళ్ళ పాటు వానలు మొదలైన నెలన్నరకు ఒకసారి తిరిగి, మొలకలను చేత్తో పీకాలి. పొలమంతా వెతకనక్కరలేదు, పిట్టలు వాలే చెట్ల కింద, రాళ్ళ గుట్టల పక్కన, కంచె తీగల కింద చూస్తే చాలావరకు దొరుకుతాయి.

మిగతా కలుపులు

సర్కారు తుమ్మ మొదలు ఇంకాస్త లోతు. దాని చిగురు కణుపులు మట్టిలోపల కూడా ఉంటాయి కాబట్టి కనీసం జానెడు, వీలైతే అడుగు లోతున వేరు తెగాలి. కాయలు పశువులకు మంచి మేతే, కానీ గింజ నలగకుండా పేడలో బయటికి వచ్చి ఎక్కడ పేడ పడితే అక్కడ మొలుస్తుంది. కాయను దంచి లేదా మరపట్టించి పెడితే మేతా దక్కుతుంది, విత్తనమూ చస్తుంది. కర్ర ముళ్ళది గాని, పొయ్యికీ బొగ్గుకూ మేలైన సరుకు.

వయ్యారిభామను పూతకు ముందే పీకాలి. ఒక మొక్క వేల కొద్దీ విత్తనాలు వేస్తుంది, పూత తరువాత పీకడమంటే విత్తనం చల్లడమే. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. చర్మం మీద దద్దుర్లు, పుప్పొడితో ఉబ్బసం వస్తాయి, ఒకసారి పడకపోవడం మొదలైతే జీవితాంతం వదలదు. పూయని మొక్కలను కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు. మెక్సికో నుంచి తెచ్చి భారతదేశంలో 1984లో వదిలిన జైగోగ్రామా పెంకు పురుగు దీని ఆకును తింటుంది. చారల రెక్కలతో ఉండే ఆ పురుగు కనిపిస్తే ఆ చుట్టుపక్కల పురుగుమందు కొట్టకండి. వానాకాలంలోనే అది చురుగ్గా ఉంటుంది, ఎండల్లో మట్టిలోకి పోతుంది. అందుకని దాని ఒక్కదాని మీదనే భారం వేయలేం.

తుంగను తడి నేలలో దున్నితే మట్టిలోని ఒక గడ్డల గొలుసు పది ముక్కలై పది చోట్ల మొలుస్తుంది. ఎండాకాలంలో పొడి నేలను లోతుగా దున్ని, గడ్డలను పైకి తెచ్చి ఎండబెట్టాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు తిప్పాలి. దర్భకు మందు నీడ: దట్టంగా అల్లుకునే పప్పుజాతి తీగ పంట ఒకటి రెండేళ్ళు పెంచితే అది పలచబడుతుంది. నిప్పు పెడితే మాత్రం దర్భకు పండగ.

కలుపు మందు వాడదలిస్తే డబ్బా మీద రాసిన మోతాదు, పంట, నిషేధాలు చదివి వాడండి. గ్లైఫోసేట్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: అది మట్టికి అతుక్కుని పని మానేస్తుంది. చెరువు బురదనీళ్ళలో కలిపితే మందు డబ్బాలోనే చచ్చినట్టు. ఆకు మీద దుమ్ము పట్టినా అంతే. ఎండకు వడిలిన మొక్క మందును వేళ్ళకు దింపదు, కాబట్టి నీటి ఎద్దడిలో కొట్టి లాభం లేదు. కొట్టాక కనీసం ఆరు గంటలు వాన రాకూడదు. కలుపును ముందు కోసి, ఆకు లేని మోడు మీద పిచికారీ చేయడం ఇంకో వృథా. మోడుకు రాయాలంటే కొట్టిన కొద్ది నిమిషాల్లోనే, కోత అంచున బెరడు కింది పచ్చి వలయానికి కుంచెతో పూయాలి.

తీసిన కంపతో ఏం చేయాలి

తిన్నటి లాంటానా కాడలు ఉడికించి, తొక్క తీసి, వేడి మీద వంచితే బెత్తం బదులు వాడుకోవచ్చు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు వాటితో కుర్చీలు, బుట్టలు చేస్తున్నారు. మిగిలిన కర్రను గుట్టగా పోసి బూడిద చేయకుండా, గుంతలో బొగ్గు చేసి పొలానికే వేయవచ్చు.

పైన మీటరున్నర వెడల్పు, అడుగు సన్నగా, రెండడుగుల లోతుతో గరాటు ఆకారపు గుంత తీయండి. చుట్టూ అయిదు మీటర్లు ఎండుగడ్డి లేకుండా చెక్కండి. గాలి లేని పొద్దుట పూట, నాలుగైదు వందల లీటర్ల నీళ్ళు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలి. కర్ర బాగా ఎండి ఉండాలి, వేలు లావు నుంచి మణికట్టు లావు వరకు చాలు. అడుగున చిన్న కుప్ప పేర్చి పైనుంచి అంటించండి. నిప్పు పరుచుకున్నాక పలచగా ఒక పొర కర్ర వేయండి. ఆ పొర మీద తెల్లటి బూడిద పొడ కనిపించడం మొదలుకాగానే ఇంకో పొర. పైన మంట ఉన్నంతసేపు కింది బొగ్గుకు గాలి అందదు, అందుకే అది కాలిపోకుండా నిలుస్తుంది. బూడిద ఎక్కువైతే మీరు ఆలస్యం చేస్తున్నట్టు, పొగ ఎక్కువైతే తొందరపడుతున్నట్టు లేదా కర్ర పచ్చిదైనట్టు.

గుంత నిండాక నీళ్ళు పోసి, పారతో తిప్పి, మళ్ళీ పోయండి. ఆరిందనుకున్న బొగ్గు మర్నాటికి రాజుకుని బూడిద కావడం మామూలే, గుంతలోకి చేయి పెట్టగలిగేంత చల్లబడాలి. ఈ బొగ్గును నేరుగా చేలో వేయవద్దు. వట్టి బొగ్గు నేలలోని నత్రజనిని కొంతకాలం తనలో పట్టేసుకుంటుంది. సమానంగా పశువుల ఎరువు కలిపి, తడిపి, నెల రోజులు మగ్గబెట్టి వేయండి.

పందిని ఆపే కంచె

పందికి చూపు తక్కువ, వాసన చాలా ఎక్కువ. ముట్టెతో కిందినుంచి ఎత్తి దూరుతుంది తప్ప దూకడం దాని మొదటి ఆలోచన కాదు. అందువల్ల కంచెలో గెలుపోటములు కింది రెండడుగుల్లోనే తేలతాయి. అయిదడుగుల ఎత్తున ముళ్ళతీగ నాలుగు వరసలు కట్టి, కింద అడుగున్నర సందు వదిలిన కంచెలు ఎన్నో కనిపిస్తాయి. అవి పశువులకు పనికొస్తాయి, పందికి కాదు.

జాలీ కంచె వేసేట్టయితే నాలుగడుగుల ఎత్తు చాలు, కానీ కింది అంచును ఒక అడుగు మట్టిలో పూడ్చాలి, లేదా అడుగున్నర మేర బయటి వైపుకు నేల మీద పరిచి మేకులు కొట్టాలి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి వెళ్ళి తవ్వాలని దానికి తోచదు. ముళ్ళపందిని కూడా ఆపేది ఈ కంచే.

పెద్ద చుట్టుకొలతకు ఝట్కా మిషను మీద నడిచే కరెంటు కంచె చవక. సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత చిన్న ఘాతం ఇస్తుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా అంత తక్కువ సమయం కాబట్టి చంపదు, భయపెడుతుంది. ఇంటి కరెంటును, మోటారు లైనును నేరుగా తీగకు తగిలించడం పూర్తిగా వేరే సంగతి. అది హత్యతో సమానం. పందికంటే ముందు పొలానికి నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషే అందులో పడతాడు. ముళ్ళతీగకు ఝట్కా కరెంటు కూడా ఇవ్వకూడదు. చిక్కుకున్న జీవి విడిపించుకోలేక పదేపదే దెబ్బ తింటుంది.

1. కంచె దారి రెండు పక్కలా మూడు మీటర్లు శుభ్రం చేయండి. కంప గుబురుకీ కంచెకీ మధ్య వీలైతే పది మీటర్ల బయలు ఉంచండి. దాక్కునే చోటు లేకుండా నడవడం పందికి ఇష్టం ఉండదు.

2. నేల ఎగుడుదిగుళ్ళను బట్టి గుంజలు పాతండి. చదునులో అయిదు మీటర్లకు ఒకటి చాలు, పల్లం వచ్చిన ప్రతిచోటా అడుగున ఒకటి ఉండాలి. తీగకూ నేలకూ మధ్య సందు ఎక్కడా జానెడు దాటకూడదు. మొత్తం కంచెలో పంది వెతికేది ఆ ఒక్క పల్లాన్నే.

3. తీగలు మూడు: నేల నుంచి 20, 45, 75 సెంటీమీటర్ల ఎత్తున. రెండున్నర మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనప) తీగ వాడండి. గుంజలకు అసలైన ఇన్సులేటర్లే బిగించండి. పాత నీళ్ళ పైపు ముక్కలు ఒక ఎండాకాలానికే పగిలి కరెంటు కారుస్తాయి. రాగి తీగను జీఐతో ముడివేస్తే ఆ ముడి తుప్పు పట్టి తెగుతుంది.

4. మిషను ఎంచుకునేటప్పుడు తీగల మొత్తం పొడవు లెక్కపెట్టండి. 500 మీటర్ల హద్దుకు మూడు తీగలంటే కిలోమీటరున్నర. పెట్టె మీద రాసిన దూరం శుభ్రమైన ఒంటి తీగకు చెప్పిన లెక్క. గడ్డి తగిలే మామూలు కంచెకు దానికి రెట్టింపు శక్తి ఉన్నది తీసుకోండి.

5. ఎర్త్. కంచెలు ఫలించకపోవడానికి మొదటి కారణం ఇదే. జీఐ రాడ్లు మూడు, ఒక్కోటి రెండు మీటర్ల లోతున, మూడేసి మీటర్ల దూరంలో, నిత్యం చెమ్మ ఉండే చోట దింపి ఒకే తీగతో కలపండి. ఇంటి ఎర్త్‌కు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. జంతువు కాలి కింద నుంచి నేల ద్వారా కరెంటు మిషనుకు తిరిగి చేరితేనే దెబ్బ తగులుతుంది. రాళ్ళ నేల, ఎండిన ఇసుక అయితే నడిమి తీగను మిషను ఎర్త్‌కే కలపండి. పంది ఒకేసారి రెండు తీగలను తాకినప్పుడు నేలతో పని లేకుండా దెబ్బ పడుతుంది.

6. పరీక్ష: మిషనుకు వంద మీటర్ల దూరంలో రెండు మూడు ఇనప కడ్డీలు నేలలో గుచ్చి తీగకు ఆనించి, వోల్టేజి రెండు వేల కిందికి పడేలా చేయండి. ఆ పని మిషను ఆపి చేసి, తరువాత మళ్ళీ వేయండి. ఇప్పుడు చివరి ఎర్త్ రాడ్డుకూ, ఒక మీటరు అవతల నేలలో గుచ్చిన వేరే కడ్డీకీ మధ్య కొలవండి. 300 వోల్టులు దాటితే ఎర్త్ చాలదు, ఇంకో రాడ్డు దింపండి. కడ్డీలు తీసేశాక కంచె చివర్న 4,000 వోల్టులకు తగ్గకూడదు. పంది వెంట్రుక మందం, అంతకంటే తక్కువ దానికి తెలియదు.

7. మనుషులు నడిచే ప్రతి దారి దగ్గరా, కంచె పొడవునా 50 మీటర్లకు ఒకటి చొప్పున హెచ్చరిక బోర్డులు కట్టండి.

పంట పాలు పట్టాక కంచె వేస్తే సగం లాభమే. రుచి మరిగిన పంది దెబ్బ తిని కూడా దూసుకొస్తుంది. విత్తనం వేసిన నాడే వేసి, మొదటి దెబ్బ ముట్టె మీద తగిలేలా చూడాలి. ఒకసారి వేశాక రాత్రుళ్ళు ఆపవద్దు, బ్యాటరీ దిగిందని రెండు రోజులు ఊరుకుంటే అవి కనిపెట్టేస్తాయి. వోల్టేజి రోజూ తెల్లవారుజామున మంచు పడ్డప్పుడు చూడండి, గడ్డి చేసే నష్టం అప్పుడే తెలుస్తుంది. ఒంటినిండా పొలుసులుండే అలుగులు తిరిగే చోట పొద్దున్నే కంచె వెంట నడవడం తప్పనిసరి. అది బెదిరితే చుట్టుకుపోతుంది, తీగ చుట్టూ చుట్టుకుంటే వదల్లేదు. మిషను ఆపి విడిపించండి.

వెంట్రుకలు చల్లడం, కిరసనాయిలు తాళ్ళు, టపాకాయలు, రేడియో – ఇవన్నీ కొన్నాళ్ళకు అలవాటైపోతాయి. కోతకు ముందు రెండు మూడు వారాలు ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి వాడితే ఆ మేరకు పనికొస్తాయి. వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ నాలుగు వరసలు దగ్గరగా వేయడం అంతకంటే నమ్మకమైన పని. నాటుబాంబులు, ఉచ్చులు, విషపు ఎరలు వద్దు. అవి పందిని వెతుక్కుంటూ పోవు, ముందు దొరికింది కుక్కయినా, ఆవయినా, పిల్లాడయినా.

జింకలకు ఎనిమిదడుగుల ఎత్తు లేని కంచె దండగ. కోతులకు కంచెతో పాటు కాపలా మనిషి కావాలి, వాటికి తిండి పెట్టే అలవాటు చుట్టుపక్కల మానుకోవాలి. ఏనుగులకు ఇక్కడ చెప్పిన కంచెల్లో ఏదీ చాలదు.

వెదురు

లేత వెదురు కొమ్ములంటే పందికీ ముళ్ళపందికీ ప్రాణం. అందుకే వెదురు కంచె లోపలే నాటాలి. అయిదు మీటర్ల ఎడం ఇవ్వండి.

ఎప్పుడు, ఏ బొంగు కొట్టాలన్నదే వెదురు సాగులో సగం విద్య. ఏడాది లోపు బొంగుకు తొడుగులు అంటుకుని ఉంటాయి, పైన తెల్లటి పొడి ఉంటుంది. రెండో ఏడు నునుపుగా పచ్చగా ఉంటుంది. మూడో ఏడు దాటినదాని మీద బూజు మచ్చలు, పాచి పట్టి, కర్రతో తడితే గట్టి చప్పుడు వస్తుంది. కొట్టాల్సింది అదే. మూడేళ్ళు నిండనిది కొడితే ఎండినప్పుడు ముడుచుకుపోతుంది, పైగా కొత్త కొమ్ములకు తిండి పెట్టే తల్లి పోతుంది. పొదలో ఒకటి, రెండేళ్ళ బొంగులన్నిటినీ, వాటికి ఆసరాగా కొన్ని ముదురు వాటినీ వదిలేయండి. కొత్త కొమ్ములు పొద అంచుల్లో వస్తాయి, ముదురువి నడుమ ఉంటాయి. కాబట్టి పొదకు ఒక పక్క దారి చేసి, గుర్రపు నాడా ఆకారంలో లోపలి నుంచి తీయాలి. సులువు కదా అని అంచువి కొట్టేస్తే కొన్నేళ్ళకు పొద నడుమ చిక్కుబడి చచ్చిపోతుంది.

వానల్లో కొమ్ములు లేచేటప్పుడు ముట్టుకోవద్దు. వానలు పోయి ఎండు రోజులు వచ్చాక, నేల నుంచి మొదటి కణుపుకు సరిగ్గా పైన, పదునైన రంపంతో కోయండి. కణుపు పైన గిన్నెలా మిగిలితే నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళుతుంది. కోసిన బొంగును ఆకులతో సహా రాయి మీద నిలబెట్టి పది రోజులు పొదకే ఆనించి ఉంచితే, ఆకులు లోపలి నీటినీ కొంత పిండినీ లాగేస్తాయి. వెదురును పొడి చేసే పురుగు తినేది ఆ పిండినే.

ఇంకా భద్రంగా ఉండాలంటే 95 లీటర్ల నీటిలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ ఆమ్లం కరిగించి, లోపలి అడ్డుగోడలను పొడుగు కడ్డీతో పొడిచి, వారం నుంచి రెండు వారాలు ముంచి, నీడలో నిలువుగా ఆరబెట్టండి. ఈ మందు నీళ్ళకు కరిగిపోతుంది. కప్పు కింద వాడే వెదురుకు సరిపోతుంది, నేలలో పాతే గుంజకు కాదు. పొద మొత్తం ఒక్కసారిగా పూసిందంటే అది చావు పూత అని అర్థం. గింజ దాచుకుని, బొంగులు పాడవకముందే కొట్టేసి, కొత్త పొదలు పెంచుకోవాలి. గింజకు ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, ఆ ఏడు గాదెలు జాగ్రత్త.

కలప కొలత

దుంగ ఘనపరిమాణం కొలవడానికి మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించడం పాత వాడుక. మధ్యలో 120 సెంటీమీటర్ల చుట్టు, 3 మీటర్ల పొడవు ఉన్న దుంగకు 0.30 × 0.30 × 3, అంటే 0.27 ఘనమీటర్లు వస్తుంది. నిజంగా ఆ దుంగలో ఉన్న కర్ర 0.344 ఘనమీటర్లు. పాత లెక్క అసలులో 78.5 శాతమే చూపిస్తుంది, మిగతాది కోతలో పోయే చెక్కల కింద కొట్టేసిన లెక్క. ఇందులో మోసమేమీ లేదు, కొనేవారూ అమ్మేవారూ ఇద్దరూ ఒకే లెక్క మీద ధర మాట్లాడుకున్నంత వరకు. ఒకరు పాత లెక్క మీద కొలిచి, ధర మాత్రం అసలు ఘనమీటరుకు చెప్తే అప్పుడు నష్టం మీదే. ధర అడిగే ముందు ఏ లెక్క అని అడగండి. చుట్టుకొలత బెరడు మీదనా, బెరడు తీశాకనా, సన్న చివరనా, మధ్యనా అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి. సన్న చివర కొలిస్తే ఇంకో పెద్ద కోత పడినట్టే.

చెట్టు నిలబడి ఉండగానే కొలత రాసి పెట్టుకోండి. రొమ్ము ఎత్తున, అంటే సుమారు 1.3 మీటర్ల దగ్గర, టేపును చెట్టుకు అడ్డంగా సమానంగా చుట్టాలి. వాలు నేలలో ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తున బుడిపె ఉంటే కాస్త పైన కొలవండి.

నరికిన దుంగను మీరే కోయించి దాచుకునేట్టయితే, అదే రోజు రెండు చివర్లకూ మైనం లేదా చిక్కటి పాత రంగు పూయండి. కర్రలో నీరు పక్కల కంటే చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా ఆరుతుంది, చివర్లు పగిలేది అందుకే. పలకలను నేలకు అడుగున్నర ఎత్తున, నీడలో, రెండేసి అడుగులకు ఒక అంగుళం మందం బద్దలు అడ్డంగా పెట్టి పేర్చండి. బద్దలు పై నుంచి కింది దాకా ఒకే నిలువు వరసలో ఉండాలి, లేకపోతే పలకలు వంగిన ఆకారంలోనే ఆరి అలాగే ఉండిపోతాయి. పైన రాళ్ళ బరువు పెట్టండి. అంగుళం మందం పలకకు సుమారు ఏడాది పడుతుందని లెక్క వేసుకోండి, గాలి బాగా ఆడే పొడి చోట తొందరగా కావచ్చు. పేర్పు నుంచి ఒక పలకను తీసి నెలకోసారి తూచండి. రెండు మూడు నెలలు వరసగా బరువు తగ్గకపోతే కర్ర ఆరినట్టు.